వేసవి సెలవుల్లో లైబ్రరీకి పిల్లలు: తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఏం పెట్టాలి?

బరంపురం_పఠనమందిరం

అందరికీ నమస్కారం. ఒడిశాలోని బరంపురంలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే పేటలో కమిటీ నడిపే చిన్న గ్రంథాలయం మాది. రెండు గదులు, ఒక వరండా. పిల్లల పుస్తకాలు రెండు వందల లోపే. బడులకు సెలవులివ్వగానే నాలుగు వారాల కార్యక్రమం పెట్టాలని కమిటీ నిర్ణయం. 5 నుంచి 13 ఏళ్ల పిల్లలు నలభై మంది దాకా వస్తారని అంచనా.

చిక్కులు రెండు. పిల్లలకు ఇంట్లో తెలుగే, బడిలో మాత్రం ఒడియా, లేకపోతే ఇంగ్లీషు. తెలుగు పుస్తకం చేతికిస్తే బొమ్మలు చూసి తిరిగి ఇచ్చేస్తారు. రెండోది, పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటారు, వాళ్లకు సందడి పడదు. వేళలు, పుస్తకాలు, నేర్పే పద్ధతి, పెట్టాల్సినవీ పెట్టకూడనివీ తెలిసినవాళ్లు వివరంగా రాయగలరు.

పర్లాకిమిడి_మాష్టారు

ముందు అక్షరాల సంగతి తేల్చుకోండి, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

మీ పిల్లలు నిరక్షరాస్యులు కారు. ఒడియా చదివే పిల్లవాడికి క ఖ గ ఘ వరస, గుణింతం అనే ఆలోచన, మాట చివర అచ్చు పలకడం, అన్నీ వచ్చు. రావలసినవి ఆకారాలు మాత్రమే. కాబట్టి అ ఆ ఇ ఈ నుంచి దిద్దించకండి. పదేళ్ల పిల్లవాణ్ణి ఐదేళ్లవాడి పక్కన కూర్చోబెట్టి ‘అ’ దిద్దిస్తే మర్నాడు రాడు.

మొదటి రోజు ఒక పెద్ద చార్టు కట్టండి. ప్రతి గడిలో ఎడమ పక్క ఒడియా అక్షరం, కుడి పక్క తెలుగు అక్షరం. తర్వాత వెంటనే పది అక్షరాలు: ర, గ, వ, న, మ, ప, ల, త, క, ద. వీటితోనే వల, కల, తల, గద, నగ, పలక, వరద, మర చదివించవచ్చు. మొదటి గంటలోనే మాట చదివాడంటే వాడు మీవాడే. రెండో రోజు దీర్ఘం, గుడి, కొమ్ము. ఏత్వం, ఓత్వం తర్వాత. ఋ, ఌ, ఙ, ఞ ఈ నాలుగు వారాల్లో ముట్టుకోనక్కర్లేదు.

తప్పులు ఎక్కడ వస్తాయో ముందే తెలిస్తే సగం పని అయిపోయినట్టే:

ఒడియాలో ‘ఠ’ అక్షరం నిండు గుండ్రంగా ఉంటుంది. తెలుగు సున్న చూసి పిల్లలు దాన్ని ‘ఠ’ అంటారు. ‘పంట’ని ‘పఠట’ అని చదివితే వెక్కిరించకండి, వాడు తనకు తెలిసిన అక్షరాన్ని సరిగ్గానే చదివాడు. సున్న ఉన్న మాటలు ఓ ఇరవై విడిగా కార్డుల మీద రాసి రోజూ చూపించండి.

ఒడియాలో ఎ, ఏ తేడా లేదు. ఒ, ఓ తేడా కూడా లేదు. ‘కొడి’, ‘కోడి’ రాయమంటే ఒకేలా రాస్తారు. నోట్లో తేడా ఉంది కదా, అందుకని ముందు పలికించి తర్వాత రాయించాలి.

ఒడియా ఏత్వం హల్లుకు ఎడమ పక్కన కూర్చుంటుంది, మనది నెత్తిమీద. కొన్నాళ్లు అక్షరానికి ముందు వెతుకుతారు.

‘య’ ఉన్న స్థానంలో ఒడియా అక్షరాన్ని ‘జ’ అని పలుకుతారు. అందుకే చార్టులో వరస చూసి ‘యముడు’ని ‘జముడు’ అనేస్తారు.

క, గ, త లాంటివి విడిగా చదివినప్పుడు కొ, గొ, తొ అని వినిపిస్తుంది. ఇది వాళ్ల బడి ఉచ్చారణ. మాటలో పెట్టి చదివిస్తే తనంతట అదే సర్దుకుంటుంది, అక్షరం పట్టుకుని సాగదీసి దిద్దకండి.

రోజుకు నలభై నిమిషాలు చాలు. ఎనిమిదేళ్లు దాటినవాళ్లు మూడో వారానికి ఒత్తుల్లేని చిన్న కథ చదువుతారు. ఇంగ్లీషు మీడియం పిల్లలకు మాత్రం ఈ దారి పనికిరాదు. వాళ్లకు గుణింతం అంటేనే కొత్త. వాళ్లను వేరే చాప మీద కూర్చోబెట్టండి.

రాయగడ_లైబ్రేరియన్

మాష్టారు చెప్పినదానికి తిరుగులేదు. నేను వేళల గురించి.

పొద్దున 7 నుంచి 9:45. అంతకు మించి వద్దు. 5-8 ఏళ్ల వాళ్లు 7 నుంచి 8:15 దాకా, 9-13 వాళ్లు 8:30 నుంచి 9:45 దాకా. మధ్య పావుగంట ఒక జట్టు వెళ్లడానికి, ఇంకో జట్టు రావడానికి. పది గంటలకల్లా పిల్లలు ఇళ్లకు చేరాలి. పదకొండు దాటాక మే నెల ఎండలో పిల్లల్ని రోడ్డెక్కించడం ఏ కార్యక్రమం కోసమైనా సరే తప్పే. పరీక్షల కుర్రాళ్లకు 10 నుంచి రాత్రి మూసేదాకా రెండు గదులూ ఇవ్వండి. ఈ వేళల బోర్డు ఏప్రిల్ మొదటి వారంలోనే గుమ్మం మీద పెట్టాలి. మే 1న పెడితే గొడవే.

సాయంత్రం పెట్టొచ్చు కదా అని కమిటీలో ఎవరో ఒకరు అంటారు. మన వైపు వైశాఖంలో నాలుగు దాటాక ఈదురుగాలి, ఉరుములు, కరెంటు పోవడం మామూలు. వర్షంలో ఇరవై మంది పిల్లలు వరండాలో ఇరుక్కుంటారు.

జట్టుకు ఇరవై మంది, పెద్దవాళ్లు ఇద్దరు ఎప్పుడూ గదిలో ఉండాలి, మూడో మనిషి గుమ్మం దగ్గర రిజిస్టరుతో. నీళ్ల కుండ వరండాలోనే, పుస్తకాల గదిలోకి గ్లాసు రాకూడదు. నిమ్మకాయ నీళ్లో పల్చటి మజ్జిగో ఇస్తే మంచిది. ఒక సంచిలో పంచదార, ఉప్పు, చెంచా పెట్టుకోండి: లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు చదును చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే మేలు పోయి కీడు జరుగుతుంది, గుప్పిలితో వేయకండి.

ఇంకొకటి, నాలుగు వారాలనీ ఒకే పాఠంలా గొలుసు కట్టకండి. పెళ్లిళ్లు, అమ్మమ్మగారి ఊరు, పిల్లలు వారం వారం మారుతూ ఉంటారు. ప్రతి వారం దానంతట అది పూర్తయ్యేలా ఉండాలి. సోమవారం కొత్తగా చేరినవాడికి లోటు తెలియకూడదు.

ఇచ్ఛాపురం_పాఠకుడు

గదిలో కూలరు పెడదామా అనే ప్రశ్న ఎలాగూ వస్తుంది కాబట్టి: బరంపురంలో వద్దు. సముద్రం దగ్గర, గాలిలో తడి ఎక్కువ. నీళ్లు ఆవిరైతేనే కదా కూలరు చల్లబరిచేది. తడిగాలిలో ఆవిరి కాదు, ఉక్క పెరుగుతుంది. పైగా ఆ తేమ పుస్తకాలకు పడుతుంది, గాలిలో తేమ 65 శాతం దాటి నిలబడితే అట్టల మీద బూజు మొదలవుతుంది. ఫ్యాన్లు, ఎదురెదురు కిటికీలు, పడమటి కిటికీకి వట్టివేళ్ల తడక. తడక తడపాలంటే పుస్తకాల బీరువా ఆ గోడకు లేకుండా చూసుకోవాలి.

రాయగడ_లైబ్రేరియన్

రాయగడలో కొండల మీదుగా వచ్చే పొడిగాలికి కూలరు కొంత పని చేస్తుంది. పుస్తకాల గదిలో మాత్రం ఇక్కడా పెట్టకూడదు, అంతవరకు మీతో ఏకీభవిస్తాను.

గుణుపురం_కథలక్క

కథాసమయం గురించి నన్ను రాయనివ్వండి, అది సరిగ్గా జరిగితే పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారు.

చిన్న జట్టుకు ముప్ఫై నిమిషాలు. రెండు కథలు, మధ్యలో ఒక పాటో పొడుపుకథో. అర్ధచంద్రాకారంగా మూడు వరసలు, పొట్టివాళ్లు ముందు. చదివే మనిషి వెనక కిటికీ ఉండకూడదు, వెలుగుకి బొమ్మ కనబడదు. పుస్తకాన్ని పక్కకు, భుజం ఎత్తులో, పేజీ పిల్లల వైపు తిప్పి పట్టుకోవాలి. తల వంచి చదువుకుంటూ మధ్యలో తిప్పి చూపిస్తే కథ తెగిపోతుంది. అందుకే ముందురోజు ఇంట్లో రెండుసార్లు పైకి చదువుకుని రావాలి.

రెండు భాషల పిల్లలున్న చోట అందరూ చేసేది ఒకటుంది: ఒక వాక్యం తెలుగులో, వెంటనే అదే వాక్యం ఒడియాలో. అలా చేయకండి. కథ నడక పోతుంది, పిల్లలు తమకు తెలిసిన భాష వచ్చేదాకా చెవులు మూసుకుంటారు. ఈరోజు మొత్తం కథ తెలుగులో చదవండి, రేపు అదే కథ మొత్తం ఒడియాలో. రెండో రోజు కథ తెలుసు కాబట్టి భాష వింటారు. తెలుగు రాని ఒడియా పిల్లలు కూడా వస్తారు, రానివ్వండి.

మూడు చోట్ల ఆగండి, ‘ఇప్పుడేం చేస్తుంది?’ అని అడగండి. చివర ‘ఈ కథలో నీతి ఏమిటి?’ అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నతో లైబ్రరీ బడి అయిపోతుంది.

ఎవరి భాష వారిది కాబట్టి పుస్తకాల వెన్ను మీద రంగు చుక్కలు అంటించండి: తెలుగు ఎరుపు, ఒడియా నీలం, రెండూ ఉన్నవి ఆకుపచ్చ. ఐదేళ్ల గుంటలు కూడా వెతుక్కుంటారు. చుక్క అట్ట అడుగు నుంచి అంగుళం పైన ఉంటే వరసగా కనిపిస్తాయి. మన ఉక్కకు స్టిక్కర్లు ఊడిపోతాయి, చుక్క మీద పల్చటి ఫెవికాల్ ఒక పూత వేయండి.

బరంపురం_పఠనమందిరం

ఎంత వివరంగా రాశారో. వేళల బోర్డు రేపే రాయిస్తాం. రెండు ప్రశ్నలు. ఎక్కువ పుస్తకాలు చదివినవాళ్లకు బహుమతి అని ప్రకటించాలని కమిటీ అంటోంది, సరేనా? రెండోది, రెండు భాషల పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? రెండు వందలతో నలభై మందికి ఎలా?

రాయగడ_లైబ్రేరియన్

పుస్తకాలు లెక్కపెట్టకండి. లెక్కపెట్టిన చోట పిల్లలు అన్నిటికంటే పల్చటివి ఏరుకుంటారు, తెచ్చిన గంటలో తిరిగి ఇచ్చేస్తారు, మంచి లావుపాటి కథల పుస్తకం బీరువాలోనే ఉండిపోతుంది. పైగా ఇప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్నవాడు మొదటి వారంలోనే వెనకబడి మానేస్తాడు.

నిమిషాలు లెక్కించండి. ఒక కాగితం మీద వారానికి ఏడు గళ్లు. చిన్నవాళ్లకు రోజుకు 15 నిమిషాలు, పెద్దవాళ్లకు 25. చదివిన రోజు గడికి రంగు వేసుకుంటారు, ఇంట్లో ఎవరైనా సంతకం పెడతారు. నాయనమ్మ చదివి వినిపించినా లెక్కే, ఏ భాషైనా లెక్కే, వార్తాపత్రిక అయినా లెక్కే. ఏడింటిలో ఐదు నిండితే ఆ వారం పూర్తి. రెండు రోజులు వదలడం కావాలనే పెట్టింది, ఒక రోజు తప్పిందని మొత్తం వదిలేయకుండా.

ఒకరికి రెండు పుస్తకాలు, ఏడు రోజులు. ఇంట్లో రెండు, గదిలో మూడు, అంటే పిల్లవాడికి ఐదు చొప్పున నలభై మందికి రెండు వందలు కనీసం. మీ దగ్గర ఉన్నవి లెక్కకు దాదాపు సరిపోతాయి, కానీ వాటిలో ఒత్తులు తక్కువున్న తేలిక తెలుగు పుస్తకాలు ఎన్ని? అసలు కొరత అక్కడ ఉంటుంది.

పర్లాకిమిడి_మాష్టారు

బహుమతి విషయంలో ఇంకాస్త గట్టిగా అంటాను. మొదటి, రెండో, మూడో బహుమతి అసలు వద్దు. ముగ్గురు సంతోషిస్తారు, ముప్ఫై ఏడు మంది ఇంటికెళ్లి ఏడుస్తారు. నాలుగు వారాల్లో మూడు పూర్తి చేసిన ప్రతి ఒక్కరికీ పేరు రాసిన కాగితం, ఒక పుస్తకం. పెన్సిలు డబ్బా కంటే పుస్తకమే ఇవ్వండి, ఇంట్లో అదొక్కటే తెలుగు పుస్తకం అయ్యే ఇళ్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి.

ఇచ్ఛాపురం_పాఠకుడు

పుస్తకాల కొనుగోలు గురించి. నేషనల్ బుక్ ట్రస్ట్ పిల్లల పుస్తకాలు తెలుగులోనూ ఒడియాలోనూ వేస్తుంది, ధర తక్కువ. ఒకే పుస్తకం రెండు భాషల్లో కొని పక్కపక్కన పెట్టొచ్చు. కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్, 1972లో పెట్టింది, రాష్ట్రాల ద్వారా గ్రంథాలయాలకు పుస్తక సాయం చేస్తుంది. దానికి రిజిస్ట్రేషను కాగితాలు, ఆడిట్ లెక్కలు సరిగ్గా ఉండాలి. ఈ వేసవికి అందదు, వచ్చే ఏటికి ఇప్పుడే మొదలుపెట్టాలి.

ఇక్కడ ఆంధ్రా వైపు 1960 చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకు వస్తాయి. ఒడిశా 2001 చట్టంలో అలాంటి సెస్సు లేదు. అందుకే మీవైపు కమిటీలు చందాల మీద నడవాలి. ఇచ్ఛాపురం మీకు బస్సు దూరమే, ఇక్కడి శాఖా గ్రంథాలయాల వేసవి శిబిరాల్లో ఏ పుస్తకాలు పిల్లలు అడిగి తీసుకుంటున్నారో ఒకసారి చూసి వెళ్లి, ఆ తర్వాత కొనండి.

జయపురం_బైండింగ్

తేలిక పుస్తకాల కొరత ఉంటే అచ్చు వేసుకోండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ 2015 నుంచి ఉంది. తెలుగు, ఒడియా కథలు ఉచితంగా దించుకుని అచ్చు వేసి పంచవచ్చు, రచయిత, చిత్రకారుల పేర్లున్న పేజీ తీసేయకూడదు, అంతే. కథలు నాలుగు స్థాయిల్లో ఉంటాయి. మీకు కావలసింది ఒకటి, రెండు స్థాయిలు. ఒకే కథ రెండు భాషల్లో చాలావాటికి దొరుకుతుంది. మామూలు పుస్తకాన్ని మొత్తం జిరాక్స్ తీయడం మాత్రం చట్టవిరుద్ధం, రెండిటినీ కలపకండి.

అచ్చు పద్ధతి. నిలువు పేజీల కథైతే పీడీఎఫ్ చదివే సాఫ్ట్‌వేరులో బుక్‌లెట్ అని ఎంచుకోండి. పదహారు పేజీల కథకు నాలుగు ఏ4 కాగితాలు, రెండు వైపులా. పేజీలు నాలుగుతో భాగించబడకపోతే చివర ఖాళీలు వస్తాయి, ఫర్వాలేదు. రెండో వైపు తిప్పేటప్పుడు పొట్టి అంచు మీద తిప్పమని పెట్టాలి. పొడుగు అంచు పెడితే వెనక వైపు తలకిందులుగా వస్తుంది, జిరాక్స్ షాపుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. ముందు ఒక్క ప్రతి తీయించి మడిచి చూశాకే మిగతావి.

అడ్డం పేజీల కథలను బుక్‌లెట్ చేయకండి, బొమ్మ చిన్నదైపోయి పైనా కిందా తెల్లగా మిగులుతుంది. కాగితానికి రెండు పేజీల చొప్పున ఒకవైపే వేయించి, మధ్యకు కోసి, ఎడమ అంచున కుట్టండి.

లోపలి కాగితం 80 జీఎస్ఎం (కాగితం మందానికి వాడే కొలత) చాలు. అట్టకు మందం కాగితం. మడత మీద పిన్ను కొట్టడానికి పొడుగు చెయ్యి స్టేప్లరు కావాలి. లేకపోతే పుస్తకాన్ని తెరిచి థర్మోకోల్ ముక్క మీద బోర్లించి, మామూలు స్టేప్లరు విప్పి మడత మీద నొక్కండి, పిన్ను థర్మోకోల్‌లోకి దిగుతుంది. మెల్లగా లాగి కాళ్లు చెంచా వెనకతో వంచండి. పిన్ను కాళ్లు మడత లోపలి వైపు ఉండాలి, బయటికి ఉంటే పిల్లల వేళ్లు గీసుకుంటాయి. ఉక్కకు పిన్ను తుప్పు పట్టి రెండేళ్లలో కాగితం మీద మరక వేస్తుంది. ఎక్కువ కాలం ఉండాలంటే మైనం రాసిన నూలు దారంతో మూడు రంధ్రాల కుట్టు.

పుస్తకాల మరమ్మతు పెద్ద జట్టుకు చాలా మంచి పని. పదేళ్లు దాటినవాళ్లకే. చిరిగిన పేజీకి సెల్లోటేపు వేయొద్దు, జిగురు పసుపు రంగుకి తిరిగి కాగితంలోకి ఇంకుతుంది, తీస్తే అక్షరాలు ఊడొస్తాయి. ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్లు కలిపి, చిరుగు అంచులకు సన్నటి కుంచెతో రాసి, పల్చటి టిష్యూ పట్టీ వేసి, రెండు వైపులా ప్లాస్టిక్ కాగితం పెట్టి బరువు కింద రాత్రంతా ఉంచాలి. ప్లాస్టిక్ మరిచిపోతే పక్క పేజీలు అంటుకుపోతాయి.

ముఖ్యంగా ఒక మాట. బైండర్లు మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లలు కూర్చునే చోటికి ఆ డబ్బా అసలు రాకూడదు. వట్టి మైదా వాడినా వెండి పురుగు వస్తుంది, కాబట్టి పిల్లల చేతికి ఫెవికాలే.

బరంపురం_పఠనమందిరం

జయపురం వారూ, థర్మోకోల్ పద్ధతి కమిటీ సభ్యుల ముందే చేసి చూశాం, చక్కగా వచ్చింది. పెద్ద జట్టుకు మరమ్మతు కాక ఇంకేం పెట్టొచ్చు?

కాశీనగర్_వంశధార

ఊరి బోర్డులు. మీ గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి పాత బజారులో తెలుగు అక్షరాలు చెక్కిన అరుగులు, సత్రాలు, గుడి శిలాఫలకాలు అక్కడక్కడ మిగిలి ఉంటాయి. నలుగురు పిల్లలకు ఒక పెద్దమనిషి, పొద్దున ఏడింటికి బయల్దేరి ఎనిమిదిన్నరకు వెనక్కి. ఫోనుతో ఫొటో, కాగితం మీద నాలుగు విషయాలు: ఎక్కడ, ఏం రాసుంది, ఏ సంవత్సరం, ఇప్పుడు ఎవరు వాడుతున్నారు. అక్షరాలు నేర్చుకుంటున్న పిల్లలకు ఇంతకంటే మంచి వాచకం లేదు. ఎవరిదైనా ఇంటి గోడైతే అడిగి తీయాలి.

మా గజపతి, రాయగడ జిల్లాల్లో సవర గిరిజన పిల్లలు కూడా గ్రంథాలయానికి వస్తారు. వాళ్లకు నాలుగో రంగు చుక్క ఉండాలి. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. ఆయన నడిచిన నేల మీద సవర కథ వినబడకుండా వేసవి గడవకూడదు. వారానికి ఒక రోజు ఊళ్లోంచి సవర పెద్దావిడను పిలిచి కథ చెప్పించండి, దారిఖర్చులు, ఆ రోజు కూలి ఇచ్చి. ఉత్త చప్పట్లతో పంపకండి.

గుణుపురం_కథలక్క

కాశీనగర్ అన్నయ్య మాటకు ఒకటి కలుపుతాను. కథ రికార్డు చేసేముందు ఆమెను అడగాలి, ఎక్కడ పెడతారో చెప్పాలి. అచ్చయిన పుస్తకం చదివిన వీడియో అయితే ప్రచురణకర్త అనుమతి లేకుండా యూట్యూబులో పెట్టకూడదు.

రాయగడ_లైబ్రేరియన్

చేరిక పత్రం మరిచిపోకండి. పేరు, వయసు, ఇంట్లో భాష, బడి భాష, తీసుకెళ్లడానికి ఎవరొస్తారు, రెండు ఫోను నంబర్లు, ఫొటో తీయడానికి సమ్మతి ఉందా లేదా. ఏడేళ్ల లోపు పిల్లలతో పెద్దవాళ్లు ఉండాలి. తీసుకెళ్లేవారి పేరు పత్రంలో లేకపోతే పిల్లను పంపకూడదు, తెలిసిన మొహమైనా సరే, ముందు ఇంటికి ఫోను.

చూపు తక్కువైన పిల్లలుంటే సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం 2016 నుంచి ఉంది. అచ్చు చదవలేనివాళ్లకు భారతీయ భాషల్లో వినే పుస్తకాలు, బ్రెయిలీ ప్రతులు అందులో దొరుకుతాయి. సభ్యత్వానికి వైకల్య ధ్రువపత్రం సిద్ధంగా పెట్టుకోండి.

బరంపురం_పఠనమందిరం

పత్రంలో ‘ఇంట్లో భాష’, ‘బడి భాష’ రెండూ చేర్చాం. చాపలు అలాగే విడదీస్తాం. చివరి ప్రశ్న: వేసవి అయ్యాక పుస్తకాలు తిరిగి రావడం ఎలా?

పర్లాకిమిడి_మాష్టారు

ఆఖరి వారం కొత్త పుస్తకాలు ఇవ్వకండి, గదిలోనే చదివించండి. గడువు తేదీ రజ పండగకు (జూన్ నడుమ వచ్చే ఒడియా పండగ) ముందే పడాలి. పండగ సెలవులు దాటితే బడులు తెరుస్తారు, పుస్తకం సంచి అడుగున ఉండిపోతుంది. జరిమానా పెట్టకండి, జరిమానా భయంతో పుస్తకమూ రాదు, పిల్లవాడూ రాడు.

బడి తెరిచాక ఆదివారం పొద్దున గంటసేపు అదే చాప, కథలు చెప్పే అదే అక్క ఉంటారని ఇప్పుడే చెప్పండి. ఒత్తులు ఇంకా మిగిలే ఉన్నాయి కదా, అవి ఆదివారాల్లో చెప్పుకోవచ్చు. మ వత్తు, క వత్తు, ల వత్తుతో మొదలుపెట్టండి. అమ్మ, అక్క, పిల్లి, బల్లి, చుక్క వెంటనే వచ్చేస్తాయి.